తేదీ తర్వాత చూద్దాం, ముందు ఇద్దరి పేర్లు చెప్పండి

స్కూళ్లలో పిల్లలు తోటి పిల్లల్ని ఏడిపించడం గురించి, ఒకరితో ఒకరు దయగా ఉండడం గురించి ఏడాదికి ఒక్క రోజైనా వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. మేం అనుకున్నది ఇంతే. మేం అంటే ఉద్యోగాలు చేసుకుంటూ సెలవుల్లో ఇలాంటి పనులు నెత్తికెత్తుకునే కొద్దిమంది స్నేహితులం. మాలో ఒకావిడ పిల్లల కౌన్సెలర్, ఒకాయన రిటైరైన సైన్సు టీచరు. నాది అకౌంట్స్ ఉద్యోగం. నలుగురిలో నిలబడి మాట్లాడడం నాకు చేతకాదు కాబట్టి ఉత్తరాలు రాయడం, ఫోన్లు చేయడం, ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చోవడం నా వంతుకొచ్చాయి.

ఎప్పుడు చేయాలన్నది తేలిగ్గానే తేలింది. యునెస్కో సభ్యదేశాలు 2019లో నవంబర్ నెల మొదటి గురువారాన్ని స్కూళ్లలో హింస, బుల్లీయింగ్, ఆన్‌లైన్ వేధింపులకు వ్యతిరేకంగా అంతర్జాతీయ దినంగా ప్రకటించాయి. నవంబర్ 13 ప్రపంచ దయా దినం, 1998 నుంచి జరుపుతున్నారు. ఈ రెంటి మధ్య మీకు వీలైన రోజు చెప్పండి అని స్కూళ్లను అడగాలనుకున్నాం. నవంబర్‌లో జరగాల్సిన దానికి విద్యా సంవత్సరం మొదట్లోనే అడగాలి. స్కూలు క్యాలెండరు ఒకసారి అచ్చయి గోడకెక్కాక అందులోకి ఇంకో కార్యక్రమాన్ని దూర్చడం ఎవరి తరమూ కాదు. ఒకవైపు పరీక్షలు, ఇంకోవైపు యాన్యువల్ డే రిహార్సల్స్.

ఉత్తరం ఒక్క పేజీలో ముగించాం. ఏ క్లాసులకు, ఎంతసేపు, ఎవరెవరు వస్తారు అనేవి పైన. కింద మూడు వాక్యాలు: మేం ఏమీ అమ్మం. పిల్లల చేత ఏ ఫారమూ నింపించుకోం. పిల్లల ఫొటోలు తియ్యం. ఆ మూడూ చూశాకే చాలామంది ఫోన్ ఎత్తారని నా నమ్మకం. అవగాహన అని వచ్చి, చివర్లో టూత్‌పేస్టో కోచింగ్ క్లాసో అంటగట్టి పోయేవాళ్లను స్కూళ్లు చాలామందిని చూశాయి మరి. ఇంకో సంగతి, మేం రోజంతా అడగలేదు. క్లాసుకు ఒక్క పీరియడ్, టీచర్లతో ఒక అరగంట. రోజు అని అడిగితే మేనేజ్‌మెంట్‌కు పంపిస్తారు. పీరియడ్ అని అడిగితే ప్రిన్సిపాల్ తానే టైంటేబుల్ తీసి చూస్తారు.

కొన్ని స్కూళ్లు అసలు జవాబివ్వలేదు. కొన్ని వెంటనే సరే అన్నాయి, అదే ఊపులో బ్యానర్ ఎంత సైజు, చీఫ్ గెస్ట్ ఎవరు, పేపర్ వాళ్లకు మీరు చెప్తారా మేం చెప్పాలా అని అడిగాయి. అయితే అన్నిటికన్నా ఎక్కువగా విన్న మాట ఇది: "మా దగ్గర అలాంటివి ఉండవు మేడం. మాది డిసిప్లిన్ ఉన్న స్కూలు."

దీనికి ఎదురు వాదిస్తే పని జరగదు. అవతలివాళ్ల భయం ఏమిటో తెలుసుకోవాలి. ఒక ప్రిన్సిపాల్ మాత్రం దాపరికం లేకుండా చెప్పారు: "ఈ సర్క్యులర్ ఇంటికి పంపానంటే సాయంత్రానికల్లా పేరెంట్స్ గ్రూపులో 'స్కూల్లో ఏదో జరిగిందట' అని మొదలవుతుంది. అడ్మిషన్ల టైంలో అవతలి స్కూలువాళ్లు దాన్నే చెప్పుకుంటారు." ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే సర్క్యులర్‌లో మొదటి వాక్యం లెక్కతో మొదలుపెట్టమని సలహా ఇచ్చాం. యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు, అంటే 32 శాతం మంది, అంతకుముందు నెలలో కనీసం ఒక్కసారైనా తోటి పిల్లల చేతిలో బుల్లీయింగ్‌కు గురయ్యారు. అలా ఏడిపించడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం రూపం. ఈ రెండు ముక్కలు పైన పెడితే, ఇది మా ఒక్క స్కూలు గొడవ కాదు, అన్నిచోట్లా ఉన్నదే, మేం ముందుగా పట్టించుకుంటున్నాం అని స్కూలు తలెత్తుకుని చెప్పుకోవచ్చు. ఆ ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు.

అంకెలకు లొంగనివాళ్ల దగ్గర మా సైన్సు మాస్టారే దిక్కు. ఆయన నివేదికల జోలికి పోరు. టీ తాగుతూ మెల్లగా అడుగుతారు: "సార్, మీరు చదువుకునే రోజుల్లో మీ క్లాసులో అందరూ కలిసి ఎవర్ని ఏడిపించేవాళ్లు?" ఆ ప్రశ్నకు జవాబు లేనివాళ్లను నేను చూడలేదు. యాభై ఏళ్లు దాటినవాళ్లు కూడా ఇంటిపేరుతో సహా చెబుతారు, ఆ పిల్లాడికి పెట్టిన పేరుతో సహా చెబుతారు. ఒకాయన చెప్పి, నవ్వి, కాసేపటికి "తర్వాత బడి మానేశాడండీ వాడు" అన్నారు. ఆ తర్వాత 'మా దగ్గర ఉండవు' అన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు.

దయ గురించైతే ఓకే, ఆ రెండోది వద్దు అన్నవాళ్లూ ఉన్నారు. పోస్టర్ మీద ఏం రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు, క్లాసులో మాత్రం రెండూ మాట్లాడతాం అన్నాం. రోజూ దెబ్బలు తినే పిల్లాణ్ని కూర్చోబెట్టి అందరితో దయగా ఉండు నాయనా అని చెప్పి పంపిస్తే అది వాడికి ఇంకో దెబ్బ.

ఇక అసలు పేచీ మేం పెట్టిన షరతు దగ్గర వచ్చింది.

షరతు మా కౌన్సెలర్‌ది. ఆవిడ వాదన సూటిగా ఉంటుంది. నలభై నిమిషాలు పిల్లలతో ఈ విషయం మాట్లాడితే ఆ సాయంత్రమో మర్నాడో ఎవరో ఒక పిల్లో పిల్లాడో నోరు విప్పుతారు. వినేవాళ్లు లేకపోతే, విన్నవాళ్లు "సర్లే, నువ్వే సర్దుకుపో" అంటే, చెప్పి ఉపయోగం లేదని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. అంతకన్నా మేం రాకపోవడమే మేలు. కాబట్టి తేదీ ఖాయం చేసే ముందు స్కూలు ఇద్దరు పెద్దవాళ్ల పేర్లు చెప్పాలి. పిల్లలు వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చని అన్ని క్లాసుల్లోనూ చెప్పాలి. చెప్పిన పిల్లలకు వారంలోపు ఏదో ఒక జవాబు రావాలి.

"ఇద్దరెందుకండీ, ప్రిన్సిపాల్ ఉన్నాను కదా" అన్నారు ఒకరు. "మా పీఈటీ సారున్నారు, ఆయనంటే పిల్లలకు హడల్" అని ఇంకొకరు గర్వంగా చెప్పారు. హడల్ ఉన్నచోటికి ఏడుస్తున్న పిల్ల పోతుందా అన్న ఆలోచన వాళ్లకు తట్టలేదు. ఈ షరతు వల్ల కొన్ని స్కూళ్లు వెనక్కి తగ్గాయి. దీని మీద మాలో మాకే వాదన జరిగింది. సైన్సు మాస్టారు "అసలేమీ లేనిదానికన్నా ఒక్క పీరియడ్ నయం కదమ్మా" అన్నారు. కౌన్సెలర్ ఒప్పుకోలేదు. నేను కౌన్సెలర్ పక్షం. మాస్టారు ఇప్పటికీ మాతో ఏకీభవించరు.

పేర్లు ఎవరివి పెట్టాలో పెద్దవాళ్లను కాకుండా పిల్లల్నే అడగమన్నాం. తెల్లకాగితం ముక్క, పేరు రాయక్కర్లేదు, ఒకటే ప్రశ్న: నీకు స్కూల్లో ఏదైనా కష్టం వస్తే ఇక్కడ ఎవరికి చెబుతావు? ఒక స్కూల్లో చాలా కాగితాలు ఖాళీగా తిరిగొచ్చాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది రాసింది లైబ్రరీ మేడం పేరు, ఆ తర్వాత ఆయమ్మ పేరు. ప్రిన్సిపాల్ ఆ కాగితాలు రెండుసార్లు తిరగేశారు. ఆలోచిస్తే వింతేమీ లేదు. బాత్‌రూముల దగ్గర, మెట్ల దగ్గర రోజంతా ఉండేది ఆయమ్మే. ఎవరు ఎవర్ని నెట్టారో, ఎవరు ఏడ్చి మొహం కడుక్కుని క్లాసుకు వెళ్లారో ఆవిడకు తెలిసినంతగా స్టాఫ్‌రూముకు తెలియదు. ఆవిణ్ని పిలిచి అడిగితే కంగారుపడింది. "నాకు రాతకోతలు రావమ్మా, కంప్లయింటంటే నేనెట్లా రాసేది?" రాయక్కర్లేదు, విని లైబ్రరీ మేడం దగ్గరికి తీసుకెళ్తే చాలన్నాం. బోర్డు మీద ఆవిడ పేరు పెట్టడానికి మేనేజ్‌మెంట్ కొంచెం నసిగింది. తర్వాత పెట్టారు.

ఫిర్యాదుల పెట్టె కూడా పెడతామని చాలా స్కూళ్లు ముందుకొచ్చాయి. పెట్టె పెట్టడంలో తప్పు లేదు. ఆఫీసు గది గుమ్మం పక్కన పెడితే మాత్రం వచ్చేపోయేవాళ్లందరూ ఎవరు చీటీ వేస్తున్నారో చూస్తారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఏ రోజు తెరుస్తారు అన్నవి ముందే చెప్పాలి. మొదటి వారం అందులో ఫ్యాన్ తిరగట్లేదు, హోంవర్క్ తగ్గించండి, ఫలానా సార్ జోకులు ఆపాలి లాంటివే వస్తాయి. విసుక్కోకుండా ఆ ఫ్యాన్ బాగుచేయించాలి. పెట్టెలో వేసినదాన్ని ఎవరో చదువుతున్నారని పిల్లలకు రుజువు దొరికేది అక్కడే. ఒక స్కూల్లో ఫ్యాన్ బాగైన తర్వాత వారంలోనే అసలైన చీటీ పడింది.

కార్యక్రమానికి ముందు మేం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది మ్యాపు. ఆలోచన మాది కాదు, చాలా దేశాల్లో వాడే పద్ధతే. స్కూలు ఆవరణ బొమ్మ గీసి జిరాక్సులు తీసి పిల్లలకిచ్చి, నీకు భయం లేని చోట పచ్చ చుక్క, ఇబ్బందిగా అనిపించే చోట ఎర్ర చుక్క పెట్టమంటాం. ఎవరు ఏం చేశారని అడగం. పేరు రాయక్కర్లేదు. ఎవరినీ పట్టివ్వక్కర్లేదు కాబట్టి పిల్లలు భయపడకుండా పెడతారు. కాగితాలన్నీ ఒకచోట పరిచి చూస్తే కొన్ని చోట్ల ఎర్రగా పోగుపడతాయి. ఒక స్కూల్లో మేం ఆటస్థలం అనుకున్నాం, కానీ ఎర్రచుక్కలన్నీ వెనకవైపు మెట్ల మలుపులో పడ్డాయి. ఇంకోచోట క్లాస్‌రూం మధ్యలోనే పడ్డాయి. అడిగితే తెలిసింది, ఒక పీరియడ్ అయిపోయి టీచర్ వెళ్లాక ఇంకో టీచర్ వచ్చేదాకా ఉండే ఆ నాలుగైదు నిమిషాలు. బ్యాగులు విసరడం, టిఫిన్ డబ్బా దాచేయడం, పేర్లు పెట్టి పాట కట్టడం అన్నీ ఆ సందులోనే. బస్సు బొమ్మ కూడా గీసిన స్కూల్లో వెనక సీట్లు ఎర్రబడ్డాయి.

మ్యాపులో ఉన్న సుగుణం ఏమిటంటే పరిష్కారం చాలాసార్లు సాదాసీదాగా ఉంటుంది. మెట్ల మలుపు దగ్గర ఇంటర్వెల్‌లో ఒక టీచర్ నిలబడ్డారు. రెండో స్కూల్లో, తర్వాతి టీచర్ వచ్చేదాకా ముందు టీచర్ గుమ్మంలోనే ఉండాలని మాట అనుకున్నారు. దీనికి ఉపన్యాసం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. మ్యాపు చూసిన ఒక వైస్ ప్రిన్సిపాల్ "ఇది మీరు రాకపోయినా మేం చేసుకోవచ్చు కదా" అన్నారు. తప్పకుండా చేసుకోవచ్చు. అదే మాకు కావాల్సింది కూడా.

టీచర్లతో అరగంట అన్నాను కదా. పిల్లలతో గడిపిన పీరియడ్లన్నిటికన్నా అది కష్టం. రోజంతా పాఠాలు చెప్పి అలసిపోయినవాళ్ల ముందు బయటివాళ్లు వచ్చి నిలబడితే ఎవరికి ఓపిక ఉంటుంది? కౌన్సెలర్ మొదట ఒకే విషయం చెప్పారు: గొడవకు, బుల్లీయింగ్‌కు తేడా. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి ఈ విషయం మీద పరిశోధన చేశారు. ఆయన మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, చేసేవాడికీ పడేవాడికీ మధ్య బలంలో తేడా ఉండడం. ఆ బలం ఒంట్లోదే కానక్కర్లేదు. వెనకున్న గుంపు కావచ్చు, మార్కులు కావచ్చు, డబ్బు కావచ్చు. సమానమైన ఇద్దరు కొట్టుకుంటే కూర్చోబెట్టి రాజీ చేయొచ్చు. ఈ రెండో రకంలో ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి, ఫ్రెండ్స్ అయిపోండి" అంటే, పడినవాడు భయంతో చెయ్యి ఇస్తాడు, బయటికెళ్లాక మళ్లీ తింటాడు. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. అందరి ముందూ సారీ చెప్పించకూడదు. ఇది విన్నప్పుడు ఇద్దరు ముగ్గురు టీచర్లు నోట్ చేసుకోవడం చూశాను.

ఆ తర్వాత ఆవిడ, టీచర్లు పిల్లల్ని పిలిచే పేర్ల సంగతి ఎత్తారు. సోడాబుడ్డి, పొట్టోడా, నల్లపిల్లా. గది ఒక్కసారి బిగుసుకుంది. ఒక సీనియర్ మాస్టారు "ప్రేమతో అంటామండీ, వాళ్లేం అనుకోరు" అన్నారు. ఇంకొకరు "చిన్నప్పుడు మేమూ పడ్డాం, ఇప్పుడు బాగానే ఉన్నాం కదా" అన్నారు. కౌన్సెలర్ జవాబు చెప్పేలోపే వెనకనుంచి ఒక చిన్న వయసు టీచర్ లేచింది. ఆ స్కూల్లోనే చదువుకుని అక్కడే టీచర్‌గా చేరిన అమ్మాయి. "నాకు మీరే పెట్టారు సార్ పేరు. పదో తరగతి అయ్యేదాకా అందరూ అదే పిలిచారు" అంది. కోపంగా కాదు, ఏదో లెక్క అప్పజెప్పినట్టు అంది. మాస్టారు ఏమీ అనలేదు. ఆ రోజు ఇంకేం చెప్పాల్సిన అవసరం రాలేదు.

కార్యక్రమం రోజున అసెంబ్లీలో ఉపన్యాసాలు వద్దని ముందే అనుకున్నాం. ఎండలో నిలబెట్టి దయ గురించి చెబితే వినేవాళ్లకు దయ కలగదు. క్లాసుల్లోనే చేశాం. చిన్న క్లాసులకు బొమ్మలతో కథ, పెద్ద క్లాసులకు పింక్ షర్టుల సంగతి. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో 2007లో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు స్కూలు తెరిచిన మొదటి రోజున పింక్ టీషర్టు వేసుకొచ్చాడని మిగతావాళ్లు ఏడిపించి బెదిరించారు. పన్నెండో తరగతి చదివే డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్ ఆ సంగతి విని, దుకాణానికి వెళ్లి 50 పింక్ షర్టులు కొని తెచ్చి స్కూల్లో పంచారు. చాలామంది వేసుకుని తిరిగారు. కెనడాలో ఇప్పుడు ఫిబ్రవరి చివరి బుధవారం పింక్ షర్ట్ డే జరుగుతుంది. ఇది నాకు ఎందుకు ఇష్టమంటే ఇందులో పెద్దవాళ్లు ఎక్కడా లేరు. ఏడిపించినవాణ్ని తిట్టడం, కొట్టడం కూడా లేదు. చూస్తూ ఉన్నవాళ్లు అటునుంచి ఇటు జరిగారు, అంతే.

మేమూ పింక్ పెడదామా అంటే యూనిఫాం రూలు అడ్డొచ్చింది. రిబ్బన్లు కొందామని ఒక స్కూలు అంది. కొనలేని పిల్లలు ఆ రోజు ఒంటరిగా మిగిలిపోతారని వద్దన్నాం.

చూస్తూ ఉన్నవాళ్ల మీద 2001లో కెనడా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆటస్థలంలో పిల్లల్ని వీడియో తీసి చూశారు. ఏడిపించడం జరిగిన సందర్భాల్లో 88 శాతం చోట్ల తోటి పిల్లలు అక్కడే ఉన్నారు, 19 శాతం చోట్ల మాత్రమే ఎవరైనా కల్పించుకున్నారు. కల్పించుకున్న వాటిలో సగానికి పైగా పది సెకన్లలోపు ఆగిపోయాయి. ఈ పది సెకన్ల మాట తొమ్మిదో తరగతిలో చెబితే మధ్య బెంచీలో ఒక అబ్బాయి చెయ్యెత్తాడు.

"మరి ఆగకపోతే మేడం? అప్పుడు మమ్మల్ని కొడితే?"

క్లాసంతా నవ్వింది. నవ్వాల్సిన ప్రశ్న కాదు. పిల్లల్ని హీరోలు కమ్మని రెచ్చగొట్టి మనం ఆటో ఎక్కి ఇంటికొచ్చేస్తే, మర్నాడు దెబ్బలు తినేది వాళ్లు. అందుకే ఎదురెళ్లడం ఒక్కటే దారి కాదని ఆ క్లాసులో చాలాసేపు మాట్లాడుకున్నాం. నవ్వకుండా ఉండొచ్చు, ఫోన్‌లో వచ్చింది ఫార్వర్డ్ చేయకుండా ఉండొచ్చు. ఒంటరిగా తినే వాడి పక్కన వెళ్లి కూర్చోవచ్చు. వెళ్లి ఆ బోర్డు మీదున్న ఇద్దరిలో ఒకరికి చెప్పొచ్చు. లేదా దూరం నుంచే "ఒరేయ్, నిన్ను సార్ పిలుస్తున్నారురా" అని కేకేసి వాణ్ని అక్కణ్నుంచి తప్పించొచ్చు. ఈ చివరిది పిల్లలకు తెగ నచ్చింది. పక్కనే నిలబడిన క్లాస్ టీచర్ "అబద్ధం చెప్పమంటున్నారా?" అని ముఖం ముడుచుకున్నారు. ఆ ప్రశ్నా సబబే. "అయితే నిజంగానే పిలవండి సార్" అన్నాడు ఆ మధ్య బెంచీ అబ్బాయి.

చేయకూడదని మేం ముందే గీత గీసుకున్నవి కొన్ని ఉన్నాయి. మీలో ఎవర్ని ఏడిపిస్తున్నారో చేతులెత్తండి అని అడగకూడదు. నాటకం వేయిస్తే పడేవాడి పాత్ర ఏ పిల్లాడికీ ఇవ్వకూడదు, ఆ పాత్ర పేరు వాడికి ఏడాదంతా అంటుకుంటుంది. అది మాస్టారు వేశారు, పిల్లలు చుట్టూ ఉన్నవాళ్ల పాత్రలు వేశారు. ప్రాణాలు తీసుకున్న పిల్లల కథలు చెప్పి భయపెట్టకూడదు.

మంచిమాటల చీటీల విషయంలో కూడా జాగ్రత్త పడాలి. క్లాసులో నీకు నచ్చినవాళ్లకు ఒక మంచిమాట రాయి అంటే అందరికీ ఇష్టమైన నలుగురికి గుట్టలు పడతాయి, అసలెవరూ పలకరించని పిల్లకు ఒక్కటీ రాదు. ఆ ఖాళీ చేతుల్ని అందరూ చూస్తారు. అందుకని లాటరీలా ప్రతి ఒక్కరూ ఒక పేరు తీసుకోవాలి, ఆ మనిషి చేసిన ఒక పని రాయాలి. 'నువ్వు మంచివాడివి' అని కాదు, 'మొన్న నా పెన్ను పడిపోతే వెతికిచ్చావు' అని. ఇచ్చేముందు టీచర్ అన్నీ చదవాలి, ఎందుకంటే వెటకారం చేసేవాళ్లు ఉంటారు. తనకు తగిలిన పేరు చూసి ఒక అమ్మాయి "వీడి గురించి రాయడానికి ఏం లేదు టీచర్" అంది. రేపటిదాకా చూసి రాయమన్నారు టీచర్. రాసింది.

కౌన్సెలర్ చెప్పినట్టే జరిగింది. పీరియడ్ అయ్యాక, ఆ తర్వాతి రోజుల్లో పిల్లలు వచ్చారు. ఎవరెవరో, ఏం చెప్పారో ఇక్కడ రాయను. ఒక రకం సమస్య మాత్రం చెప్పాలి, అది అన్ని స్కూళ్లలోనూ వచ్చింది. క్లాసు పేరుతో పిల్లలు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులు, అందులో ఎవరిదో ఫొటోను స్టిక్కర్‌గా మార్చి తిప్పడం. స్కూళ్ల మొదటి జవాబు ఒకటే: ఫోన్లు స్కూలుకు తేనివ్వం, అది ఇంటి సమస్య. కానీ రాత్రి గ్రూపులో తిరిగిన స్టిక్కర్‌ను చూసుకుని నవ్వేది పొద్దున క్లాసులోనే. ముందు స్క్రీన్‌షాట్లు భద్రం చేయాలి, తర్వాతే డిలీట్ చేయించాలి. తల్లిదండ్రుల్ని విడివిడిగా పిలవాలి, అందర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే అది పెద్దవాళ్ల పంచాయితీ అవుతుంది. ఒక తండ్రి "మావాడికి తిరిగి కొట్టడం నేర్పండి, ఇవన్నీ ఎందుకు" అన్నాడు. ఆయన బాధ నాకర్థమైంది, సలహా మాత్రం నచ్చలేదు.

నెలా రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లి అదే మ్యాపు, అవే ప్రశ్నలు ఇచ్చాం. ఒక స్కూల్లో ఎర్ర చుక్కలు తగ్గలేదు సరికదా పెట్టెలో చీటీలు పెరిగాయి. ప్రిన్సిపాల్ మొహం చూడాలి అప్పుడు. "మీరు రాకముందే బాగుంది" అన్నారు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఫిర్యాదులు పెరగడం సహజమని, తగ్గాల్సింది చీటీల సంఖ్య కాదని కౌన్సెలర్ ఓపిగ్గా వివరించారు. ఆయన పూర్తిగా నమ్మారో లేదో తెలియదు. పెట్టె మాత్రం తీసేయలేదు. ఒక్క రోజుతో మారుతుందని మేమూ అనుకోవడం లేదు. ఫిన్లాండ్‌లో టుర్కు యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన కివా అనే పద్ధతిలో ఏడాది పొడవునా పాఠాలుంటాయి, ప్రతి స్కూల్లో ఒక టీచర్ల బృందం ఉంటుంది. అంత చేయగల స్తోమత మాకు లేదు. మేం ఆ ఒక్క రోజును అడ్డం పెట్టుకుని స్కూలు చేత కొన్ని పనులు చేయిస్తున్నాం, అంతవరకే.

ఈ ఏడాది బస్సు డ్రైవర్లు, క్లీనర్లతో కూడా ఒక అరగంట ఇవ్వమని అడుగుతున్నాం, ఆ వెనక సీట్ల ఎర్ర చుక్కల వల్ల. ఒక స్కూలు ఒప్పుకుంది. ఇంకో స్కూలువాళ్లు బస్సులు కాంట్రాక్టువి, వాళ్లు మా స్టాఫ్ కాదు, మేం చెప్పలేం అంటున్నారు. కాంట్రాక్టరు నంబరు తీసుకుని ఫోన్ చేశాను. విషయం విని "మా క్లీనర్ రోజూ మొత్తుకునేది అదే మేడం, వెనక సీట్లలో పెద్దపిల్లలు చిన్నోళ్లను కూర్చోనివ్వరని" అన్నాడు. సాయంత్రం ట్రిప్పు అయిపోయాక డ్రైవర్లందరూ షెడ్డు దగ్గరే ఉంటారట, అక్కడికే రమ్మన్నాడు.